కాళ్ళు ఒప్పుకోని అబద్ధం

ఈ ఉదయమే నా ముక్కెక్కిన కొత్త కళ్ళద్దాల మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా ఈ అద్దాలు రెండూ టప్పున పగిలిపోవాలి. ఉప్మాలో ఆవాలేవో చీమలేవో తెలియని స్థితిలో నా శేషజీవితం గడవాలి. ఇంతకన్నా ఘోరమైన శాపం నా వయసు మగవాడికి ఇంకోటి ఉండదు గనక, ఇక్కడ రాసేదంతా నిజమని మీరు నమ్మి తీరాలి. మా ఆవిడ వంటింట్లోంచి నవ్వుతోంది. నవ్వనీండి. ఆమె చంద్రకళమ్మగారిని చూడలేదు. మీరూ చూడలేదు. అందుకే రాస్తున్నాను.

హిమాయత్‌నగర్‌లో నాది చిన్న కళ్ళద్దాల షాపు. ఇన్నేళ్ళూ ఊరందరి ముక్కుల మీదా అద్దాలు పెట్టినవాణ్ణి, నాకు చత్వారం వచ్చిందని ఒప్పుకోవడానికి చాలాకాలం మొండికేశాను. ఈ ఉదయం ఒప్పుకున్నాను. ఫ్రేము కొంచెం వదులైంది, కాడలు వేడిచేసి వంచాలి. వేడిగాలి ఊదే మిషను పక్కనే ఉంది. కానీ ఎందుకో అటక మీది పాత ఇసుక పళ్ళెం దింపాను. దాన్ని స్టవ్ మీద పెట్టి, కాగిన ఇసుకలో ఫ్రేము కాడ గుచ్చాను. కాలీకాలని ప్లాస్టిక్ వాసన, దాని వెనకే వేడి ఇసుక వాసన గుప్పుమన్నాయి. అంతే! హిమాయత్‌నగర్ మాయమైంది. నేను ఆబిడ్స్‌లో, పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో, మెట్లెక్కి వెళ్ళే ఆ దుకాణంలో ఉన్నాను. నాకు ఇరవై రెండేళ్ళు. ఎదురుగా చంద్రకళమ్మగారు సాన ముందు కూర్చుని గాజుబిళ్ళ అరగదీస్తున్నారు. గుమ్మం పక్కన గద్దె మీద బావగారు పాన్ నములుతున్నారు.

బావగారంటే నా బావ కాదు. చంద్రకళమ్మగారి భర్తకు అన్న. పేరు నర్సింగ్‌రావు. తమ్ముడు పోయాక దుకాణం ఆమె నడుపుతుంటే, వాటాదారుగా ఆయన రోజూ వచ్చి కూర్చునేవారు. ఆమె 'బావా' అని పిలిచే పిలుపు సందంతా అంటుకుంది. చాయ్ దుకాణం వాడు, పోస్ట్‌మాన్, చివరికి అరువడిగే గిరాకీలు కూడా ఆయన్ని బావా అనే అనేవారు. ఆయన మొహం చిట్లించేవారు గానీ పలికేవారు.

ఉద్యోగానికి నేను వెళ్ళిన రోజు చెబుతాను. మాది గుంటూరు వైపు నుంచి వచ్చి కాచిగూడలో స్థిరపడిన కుటుంబం. ఆస్తిపాస్తులు లేవు. తాతగారి నుంచి సంక్రమించింది ఒకటే, గప్పాలు కొట్టడం. ఈ పని నీకేం తెలుసని చంద్రకళమ్మగారు అడిగితే నిజం చెప్పడం నామోషీ అనిపించింది.

"మా ముత్తాత ఒక జమీందారు గారి ఏనుగుకు కళ్ళద్దాలు చేసినవాడమ్మా," అన్నాను.

ఆమె సాన మీంచి తల ఎత్తలేదు. "నంబర్ ఎంత?"

"ఎడమ కంటికి ప్లస్ ఎనిమిది. కుడి కన్ను బాగానే ఉండేదిట."

"మరి చెవులకు తగిలించిన్రా, తొండానికి కట్టిన్రా?"

"చెవులూపినప్పుడల్లా జారిపోయేవమ్మా. ఆఖరికి మావటివాడే రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాడు."

ఆమె సాన ఆపి పగలబడి నవ్వారు. బావగారు మాత్రం నవ్వలేదు. "చంద్రకళా, వీడు పుట్టు అబద్దాలకోరు. రక్తంల ఉన్నది. పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోని గాని పోదు."

"రక్తంల ఏముంటది బావా? ఎర్రదనం ఉంటది. ఇగో, గీ గాజుబిళ్ళ చూడు. పుట్టినప్పుడు దీనికి నంబర్ ఉన్నదా? సాన మీద రుద్దితే వచ్చింది. మనిషి గూడ గంతే."

"సాన ఒక్కటే, రాయి వేరే. వజ్రం రుద్దితే వజ్రం, గులకరాయి రుద్దితే గులకరాయి. వీడు గులకరాయి. పుడకల దాంక మారడు."

"పుడకల దాంక ఎందుకు బావా? నాంపల్లి దాంక పంపిస్త. సరిపోతది."

నాంపల్లి వెళ్తే బుద్ధి ఎలా మారుతుందో నాకప్పుడు అర్థం కాలేదు. కానీ వాళ్ళిద్దరి మధ్యా నా కళ్ళ ముందే పందెం కుదిరిపోయింది. గప్పాలు కొట్టొచ్చు. అడ్డు లేదు. కానీ గిరాకీ మెట్లు దిగేలోపు, అందులో ఏది అబద్ధమో నేనే చెప్పెయ్యాలి. చెప్పకుండా దాచిన అబద్ధం ఒక్కటి దొరికినా నన్ను పంపించేసి, బావగారు తనకు నచ్చినవాణ్ణి పెట్టుకుంటారు. అప్పుడు చంద్రకళమ్మగారు మారు మాట్లాడకూడదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే నాకు ఆ జీతం రావాలి. నా బతుకంతా నా నోటి మీద ఆధారపడింది. అంతకన్నా పెళుసు పునాది ఉంటుందా చెప్పండి!

మొదట్లో ప్రాణాంతకంగా ఉండేది. "ఈ ఫ్రేము సముద్రంలో పడ్డా తుప్పు పట్టదండీ," అని ఊపులో అనేసేవాణ్ణి. గిరాకీ కొనుక్కుని మెట్ల దాకా వెళ్ళేవాడు. నేను పరిగెత్తేవాణ్ణి. "అయ్యా, సముద్రం సంగతి నాకు తెలీదు. హుస్సేన్‌సాగర్ సంగతీ తెలీదు. వాన వరకే పూచీ." గిరాకీలు కోపం తెచ్చుకుంటారనుకున్నాను. వింతేమిటంటే మర్నాడు బావమరిదినో తోడల్లుణ్ణో వెంటబెట్టుకుని వచ్చేవారు. "గా ఏన్గు ముచ్చట చెప్పు, మా వోడు ఇంటడంట!" ఏది అబద్ధమో చెప్పేవాడి దగ్గర మిగతాదంతా నిజమని జనం ఎలా కనిపెట్టేస్తారో చూడండి. ఈ సంగతి తెలిసుంటే మా తాత జమీందారు అయ్యుండేవాడు!

ఇక నాంపల్లి. ఆ దుకాణానికి ఒక ఆచారం ఉండేది. చూపు పరీక్షించే గాజుబిళ్ళల పెట్టెను కొత్తవాళ్ళు ముట్టుకోవాలంటే ముందు గిరాకీ కళ్ళతో నడవాలి. చూపు పరీక్షకు వాడే గుండ్రటి ఇనప చట్రం ఉంటుంది కదా, దాన్ని చంద్రకళమ్మగారు నా ముక్కు మీద పెట్టి రెండు బిళ్ళలు జారవిడిచారు. లోకం పాలల్లో పడ్డ బిస్కెట్టులా మెత్తబడిపోయింది.

"దూరపు చూపు లేనోళ్ళకు గిట్లనే కనపడ్తది. నాంపల్లి స్టేషన్ కాడికి వోయి ఉస్మానియా బిస్కెట్లు పట్కరా. అద్దాలు తీసినవంటే నాకు తెలుస్తది."

"ఎలా తెలుస్తుందమ్మా?"

"నీ మొఖం జూస్తే తెలుస్తది. పో."

బయల్దేరాను. ఆహా, ఆ నడక! మెట్టు ఎక్కడ అయిపోయిందో తెలియక ఆకాశంలో ఒక అడుగు వేశాను. బోర్డుల మీద అక్షరాలు కరిగి కారిపోతున్నాయి. బట్టల కొట్టు ముందు పట్టుచీర కట్టుకుని నిలబడ్డ పెద్దావిడను చూసి, మా కాచిగూడ ఇంటి ఓనరుగారి భార్య అనుకుని, ఒంగి దండం పెట్టి, "కిరాయి ఒకటో తారీకుకల్లా ఇచ్చేస్తామండీ," అన్నాను. ఆవిడ పలకలేదు. కోపమొచ్చిందనుకుని ఇంకొంచెం బతిమాలాను. వెనకనుంచి కొట్టువాడు, "బొమ్మకు కిరాయి ఇస్తవా భాయ్?" అని కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ క్షణంలో నాకు ఒక సంగతి మెరిసింది. మా వీధిలో ఒక మాస్టారు నేను నమస్కారం పెట్టినా చూడనట్టు వెళ్ళిపోయేవాడు. పొగరనుకుని ఆయన మీద ఎన్ని కథలు అల్లానో! ఆయనకు పొగరు కాదు, పవర్!

ఆ తరవాత చౌరస్తా వచ్చింది. అక్కడ నవ్వు ఆగిపోయింది. ఆటోలు లేవు, బస్సులు లేవు. పసుపు మరకలు, ఎర్ర మరకలు, హారన్లు. ఏ మరక ఎంత దూరంలో ఉందో తెలియదు. అడుగు వేస్తాను, వెనక్కి తీస్తాను. చెమటతో చట్రం జారిపోతోంది. తీసెయ్యొచ్చు. చెయ్యి పైకి వెళ్ళింది కూడా. అప్పుడు ఎవరో ముసలాయన నా మణికట్టు పట్టుకున్నాడు. మొహం కనపడలేదు. పాన్‌లో వేసే కివాం వాసన మాత్రం వచ్చింది. "జర పైలం బిడ్డా," అన్నాడు. ఆ చేతి వెంటే, ఆ మరకల మధ్య నుంచి, నమ్మి నడిచాను. అవతలి గట్టు చేరాక చెయ్యి వదిలి ఎటో వెళ్ళిపోయాడు.

బిస్కెట్లతో తిరిగొచ్చి, మెట్టు మెట్టూ కాలితో తడుముకుంటూ పైకెక్కాను. చంద్రకళమ్మగారు చట్రం తీసి నా మొహంలోకి చూశారు. చాయ్ తెప్పించారు, అంతే. కాసేపటికి బావగారు ఎండకు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"ఎటువోయినవ్ బావా?"

"పాన్‌కు."

"పాన్ డబ్బా గీడనే ఉన్నది గదా."

"సున్నం అయిపోయింది," అంటూ గద్దె మీద కూలబడి, బిస్కెట్ ఒకటి చాయ్‌లో ముంచి, "ఏం మారిండు వీడు? నడిచొచ్చిండు. గిప్పుడు బొమ్మ ముచ్చట గూడ జతచేసి చెప్తడు. అనుభవం కథల ఉప్పయింది గాని, మనిషి గదే మనిషి," అన్నారు. అదీ నిజమే. ఆ సాయంత్రానికే బొమ్మ నాకు ఆశీర్వాదం ఇచ్చినట్టు చెప్పడం మొదలుపెట్టాను.

అసలు పరీక్ష ఎండాకాలం సెలవులు అయిపోయే రోజుల్లో వచ్చింది. యాదగిరి అని, నాంపల్లి వైపు ఒక బడిలో బస్సు డ్రైవరు, మా దుకాణం బెంచీ మీద మధ్యాహ్నాలు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. "చుట్టం కోసం చూస్తున్న," అనేవాడు. ఏ చుట్టమూ వచ్చేది కాదు. లోపల గిరాకీలు గోడ మీది అట్ట చూసి అక్షరాలు చదువుతుంటే, ఇతని పెదాలు కూడా కదిలేవి. ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "నా చూపు జర చూడన్నా. బడోళ్ళు ఫోన్ జేస్తరు, మంచిగున్నదని చెప్పాలె," అని కుర్చీలో కూర్చున్నాడు.

మా అట్టకు ఒకవైపు ఇంగ్లీషు అక్షరాలు, రెండోవైపు తెలుగు అక్షరాలు. ఆ రోజు నేను తెలుగు వైపు తిప్పి ఉంచాను. యాదగిరి ఛాతీ విరిచి, గుక్క తిప్పుకోకుండా, పైనుంచి కిందిదాకా ఇంగ్లీషు అక్షరాలు అప్పజెప్పేశాడు! ఆఖరి వరుస కూడా, ఒక్క తప్పు లేకుండా! నాకు నవ్వాగలేదు. అట్ట వైపు వేలు చూపించాను. "అన్నా, అక్కడున్నది 'అ ఆ'."

అతని మొహం చూసి వేలు దించేశాను. "అద్దాలు పెట్టుకునే డ్రైవర్ వద్దంటున్నడు మేనేజర్. ఇద్దరు ఆడపిల్లలున్నరు. జర ఊకో అన్నా, మంచిగున్నదని ఒక్క మాట చెప్పు, నీ కాల్మొక్త," అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. మేనేజరే. "మా డ్రైవరు చూపు ఎట్లుంది? అద్దాలు కావాలంటే మాత్రం చెప్పెయ్యండి, వేరేవాణ్ణి చూసుకుంటాం." చంద్రకళమ్మగారి వైపు చూశాను. ఆమె ఫోను అందుకోలేదు. "అడిగింది నిన్ను," అన్నట్టు సాన తిప్పుతున్నారు. గద్దె మీద బావగారి దవడ ఆగిపోయింది. యాదగిరి రెండు చేతులూ జోడించాడు. నా నాలుక మీద ఎంత చక్కటి అబద్ధం తయారుగా ఉందో తెలుసా! గద్ద చూపు సార్, మీ బడి గంట మీద ఈగ వాలితే ఆబిడ్స్ నుంచి లెక్కపెడతాడు! పుణ్యం కూడా వచ్చే అబద్ధం. ఒక ఇల్లు నిలబడుతుంది.

నోరు తెరిచాను. చౌరస్తా కనపడింది. పసుపు మరక. ఎర్ర మరక. ఈసారి ఆ మరకల్లో చిన్న చిన్న మరకలు, భుజానికి సంచులతో, రోడ్డు దాటుతూ.

"అద్దాలు లేకుండా ఆయన బండి ముట్టుకోకూడదు సార్," అన్నాను.

యాదగిరి మెట్ల మీద కూలబడ్డాడు. "పొట్ట మీద కొట్టినవ్ గదనే," అన్నాడు. ఫోనులో మేనేజరు "సరే అయితే," అంటున్నాడు. ఫోను పెట్టేసేలా ఉన్నాడు. "సార్! సార్! మీ కళ్ళు కూడా చూసి పెడతాను. ఉచితం. ఇప్పుడే వస్తున్నా!" అని అరిచి, చట్రం, బిళ్ళలు జేబులో కుక్కుకుని, యాదగిరిని రెక్క పట్టుకు లేపి, ఆబిడ్స్ నుంచి నాంపల్లికి పరుగు లంకించుకున్నాను. ఉచితమన్న మాట ఈ ఊళ్ళో ఎవరినైనా కుర్చీలో కూర్చోబెడుతుంది.

మేనేజరు భారీ మనిషి. బడి ఆవరణలో నిలబెట్టి, "కళ్ళు మూసుకోండి సార్," అని చట్రం పెట్టి, యాదగిరి మసక ఎంతో అంత మసక వచ్చే బిళ్ళలు వేశాను. "తెరిచి, ఆ చివరిదాకా నడవండి. ఇది అద్దాలు లేని యాదగిరి." నడిచాడు. గోడ వారగా ఉన్న క్రోటన్ కుండీ ముందు ఆగి, "ఏయ్, సెలవుల్లో గోడ దూకొచ్చి ఇక్కడేం చేస్తున్నవ్? మీ నాయనను తీస్కరా!" అని గద్దించాడు. ఆయాలు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సరిగ్గా అప్పుడే ఆవరణలో ఒక బస్సు స్టార్టయింది. దగ్గర్లోనో దూరంలోనో ఆయనకు తెలియలేదు. అంత మనిషీ ఠక్కున ఆగి, చెయ్యి చాచి, గాలిలో నన్ను వెతుక్కున్నాడు. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. రెండోజత బిళ్ళలు, మసకను విరిచేవి, మొదటివాటి మీద జారవిడిచాను. లోకం మళ్ళీ గట్టిపడింది.

"ఇది అద్దాలు పెట్టుకున్న యాదగిరి సార్."

ఆయన చాలాసేపు బస్సు వైపే చూశాడు. తరవాత యాదగిరి వైపు తిరిగి, "అద్దాలు లేకుంట స్టీరింగ్ ముట్టినవంటే నేనే నీ తోలు తీస్త," అన్నాడు. ఉద్యోగం నిలబడింది! ఆ వారమే చంద్రకళమ్మగారు యాదగిరికి అద్దాలు పెట్టి మెట్ల మీదికి తీసుకొచ్చారు. అతను ఆబిడ్స్ రోడ్డును కొత్త పెళ్ళికూతురిని చూసినట్టు చూశాడు. "అన్నా, గిన్ని బోర్డులున్నయా గీడ!"

బడి నుంచి నేను తిరిగొచ్చిన సాయంత్రం బావగారు గద్దె మీంచి ముందుకు వంగారు. "ఏందిరా గుంటూరూ, గంత మంచి అబద్దం చేతిల పెట్టుకొని ఎందుకు చెప్పలే?"

"నోటిదాకా వచ్చింది బావగారూ. కాళ్ళు ఒప్పుకోలేదు."

"ఇన్నవా బావా!" చంద్రకళమ్మగారు చప్పట్లు కొట్టారు. "నాంపల్లి దాంక సరిపోయింది!"

బావగారు తీరిగ్గా కొత్త పాన్ చుట్టి, బుగ్గన పెట్టుకుని, నా కాళ్ళ వైపు తేరిపార చూశారు. "మరి గా కాళ్ళు వీనికి పుట్టుకతోనే గదా వచ్చినయ్?"

మేం ముగ్గురం ఎంత నవ్వామంటే పక్క దుకాణం వాడు లేచి వచ్చాడు. ఆ వాదం ఆ తరవాతా ఏళ్ళ తరబడి సాగింది. గెలిచిందెవరో తేలకుండానే ముందు ఆమె వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆయన ఒక ఏడాది కూడా గద్దె మీద కూర్చోలేదు. "వాదించెటోళ్ళు లేనప్పుడు దుకాణం ఎందుకురా?" అన్నారు. ఇసుక పళ్ళెం, ఇనప చట్రం నాకిచ్చేశారు. పుట్టుకా అనుభవమా అని నన్నెవరైనా అడిగితే, రాయీ సానా రెండూ కావాలనే అంటాను. కానీ అలా అన్నప్పుడల్లా మూడోది ఏదో వదిలేశానని అనిపిస్తుంది.

మీరు మెట్లు దిగబోతున్నారు. కాబట్టి పందెం ప్రకారం చెప్పెయ్యాలి.

ఏనుగు అబద్ధం, అది మీకు ముందే తెలుసు. బొమ్మకు దండం పెట్టింది నిజం. క్రోటన్ కుండీని తిట్టిందీ నిజం. నేను కల్పించింది చౌరస్తాలోని ఆ ముసలాయన్ని. ఎవరో ముసలాయన లేడు. నా మణికట్టు పట్టుకున్నది బావగారు. నేను మెట్లు దిగినప్పటి నుంచి ఎండలో నా వెనకాలే వచ్చారట. "జర పైలం బిడ్డా" అన్నాక, అవతలి గట్టు మీద ఇంకో మాట కూడా అన్నారు. "చంద్రకళకు చెప్పినవంటే నీ నౌకరి ఖతం." అబద్ధం చెబితే ఉద్యోగం పోతుందన్న మనిషే, నిజం చెబితే పోతుందన్నారు! ఆమెకు చెప్పలేదు. సున్నం డబ్బా నిండా ఉందని ఆమెకు తెలుసని మాత్రం నా నమ్మకం.

ఇప్పటికీ నా షాపులో కొత్తగా ఎవరు చేరినా, ఆ చట్రం పెట్టి రోడ్డు మీదికి పంపుతాను. వాళ్ళు మలుపు తిరగగానే, పాన్‌కు వెళ్ళొస్తానని చెప్పి నేనూ దిగుతాను.

నాకు పాన్ అలవాటు లేదు.